దాసన్న చేను

ఆదివారం మూడింటికి టీవీ ముందు కూర్చుంటే బోరయ్య ఎవరు పిలిచినా పలకడు. తెలుగులోకి మార్చిన పరదేశపు సీరియల్ అది. యుద్ధంలో గెలిచినవాళ్లు ఓడిపోయి ఉంటే లోకం ఎట్లా ఉండేదో ఒక వారం, రాజు గుర్రం మీద నుంచి పడకపోయి ఉంటే ఏమయ్యేదో ఇంకో వారం. ఒక తలుపు తీస్తే చాలు, జరగని చరిత్రంతా అవతల కనబడుతుంది.

"ఆ తలుపు మన రాయచెర్లులోనే ఉండాది" అనేవాడు భార్య ఓబక్కతో.

అతని తలుపు దాసన్న చేను. తొమ్మిదేళ్ల కిందట సోలార్‌కు భూములు లీజుకిచ్చేటప్పుడు బోరయ్య నాలుగెకరాలకు సంతకం పెట్టాడు. గట్టు పక్క దాసన్న పెట్టలేదు. ఇప్పుడు మూడు వైపులా నల్ల పలకలు, నడుమ దాసన్న శెనక్కాయ పైరు. రోజూ గొర్రెలు తోలుకుపోతూ బోరయ్య అక్కడ ఆగుతాడు. సంతకం పెట్టకపోయి ఉంటే తానెట్లా ఉండేవాడో చూసుకుంటాడు. పైరు పచ్చగా ఉంటే కడుపు మండుతుంది. ఎండితే, తానైతే ఎండనిచ్చేవాడు కాదని ఇంకా మండుతుంది.

"ఎట్లున్నా ఏడుపే నీకు" అనేది ఓబక్క.

మొన్న ఆదివారం సీరియల్ నడుమలో దాసన్నే వచ్చాడు.

"బోరన్నా, నేనూ లీజుకిచ్చేస్తాండా. రేపు పావగడలో అగ్రిమెంటు. సాక్షి సంతకానికి నువ్వు రావల్ల."

బోరయ్య టీవీ గొంతు తగ్గించాడు. "ఇన్నేండ్లు ఆగినోడివి, ఇప్పుడేమొచ్చెనప్పా?"

"నడుం నొప్పొచ్చె. తొమ్మిదేండ్లు నిన్ను చూసి కుళ్లినా. గొడుగేసుకోని గొర్రెలు కాస్తాడు, టీవీ చూస్తాడు, మారాజు అనుకుంటి."

"నన్ను చూసి నువ్వు కుళ్లినావా?"

"మళ్ల ఎవర్ని చూసి కుళ్లల్ల?"

"ఈ కాయ పీకేదాకన్నా ఆగు."

ఓబక్క అందుకుంది. "నువ్వు చూసేదానికి ఆయప్ప ఎండలో చావల్లనా?"

బోరయ్య తెర వైపు తిరిగాడు. టీవీలో ఎవరో తలుపు తీశారు. అవతల ఏముందో చూడకుండానే టీవీ కట్టేశాడు.

మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సుకు బయలుదేరినవాడు దాసన్న చేలోకి దిగి ఒక చెట్టు పీకాడు. ఆరు కాయలు. మొదటిది నొక్కితే లొట్ట, లోపల గింజే లేదు. రెండోదాన్లో రెండు గట్టి గింజలు. ఛీ, ఎవరిది మేలో ఇదీ తేల్చి చెప్పదు అనుకున్నాడు. మూడోది నొక్కబోతుంటే రోడ్డు మీద నుంచి దాసన్న పిలిచాడు.

"రాన్నా, బస్సు పోతాది. నా చేన్లో నీకేం పని?"

మిగిలిన నాలుగూ జేబులో వేసుకున్నాడు. పావగడ ఆఫీసులో పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే కాయ తగిలింది. దాన్ని పక్కకు తోసి, పెన్ను తీసి, సాక్షి అని ఉన్నచోట సంతకం పెట్టాడు.