మొదటి గ్లాసు

జెర్సీ సిటీలో నేను వెళ్లే ఐరిష్ పబ్‌లో చెక్కనేలలో ఇంకిన పులిసిన వాసన ఉంటుంది. మా ఊరి దోస్తులారా, గుర్తుందా? మా కల్లు దుకాణంలోనూ అదే వాసన. నాన్న కల్లు గీయడానికి తాడెక్కే ముందు నాయనమ్మ మొక్కుకుని నేల మీద కల్లు సాక పోసేది. ఒకనాడు మరిచింది.

"రేపు ఇంత ఎక్కువ పోస్త తియ్" అంది.

ఆ పొద్దున నాన్న తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు.

ఈ పబ్‌లోనూ ఒక ఆచారం ఉంది. పబ్ పెట్టిన, ఓనర్ వాళ్ల తాత పేరున రోజూ మొదటి గ్లాసు పోసి బల్ల చివర ఉంచుతారు. నిన్న అక్కడ గ్లాసు లేదు.

"ఇవాళ పెట్టలేదేం?" అని ముసలి ఓనర్‌ని అడిగాను.

"మర్చిపోయా. రేపు రెండు పెడతాలే, తాత ఏమనుకోడు" అని నవ్వాడు.

కిటికీ బయట అతని కొడుకు బోర్డు సరిచేయడానికి నిచ్చెన ఎక్కుతున్నాడు. నేను వెళ్లి నిచ్చెన పట్టుకున్నాను. అతను దిగేదాకా వదల్లేదు.