చిలుంలో మంట

బుక్కరాయసముద్రంలో పెట్రోమాక్సు లైట్లు బాగుచేసే కుళ్లాయప్ప ఏ దీపాన్నయినా ముందు చెవి పెట్టి వింటాడు, ఆ తర్వాతే చూస్తాడు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ మసే. ఈమధ్య లైట్లు తెచ్చేవాళ్లు తగ్గి, చదువుకోవడానికి తీరిక చిక్కింది. కరెంటు లేని కాలంలో ఇంగ్లండులో బొగ్గును మూసిపెట్టి కాల్చి, ఆ గ్యాసుతో వీధులు వెలిగించారని, మొదట ఒకాయన పొగతాగే గొట్టంలోనే చేసి చూశాడని ఒక పాత పుస్తకంలో చదివి, టీ అంగట్లో చెప్పాడు. అందరూ నవ్వారు. "రేపు నేనే వెలిగిస్తా. వెలగకుంటే మీసం తీసేస్తా సూడండి" అనేశాడు.

మరునాడు ఇస్త్రీబండి బొగ్గులు పొగతాగే మట్టి చిలుంలో కూరి, దాని వెడల్పాటి నోటికి బంకమట్టి మెత్తి, పొయ్యిలో పెట్టాడు. పొయ్యి బయటికున్న సన్నటి కొన దగ్గర ఎన్ని అగ్గిపుల్లలు గీసినా ఏమీ అంటుకోలేదు.

"బ్లేడు తెచ్చేదా మామా?" అంది భార్య ఆంజినమ్మ. చూడవచ్చిన నలుగురూ ఘొల్లుమన్నారు.

కుళ్లాయప్ప ఒక బొగ్గును అరచేతిలో దొర్లిస్తూ కూర్చున్నాడు. "మేయ్, ఇది బట్టీలో ఒకతూరి కాలిన కట్టె గదా! దీని గ్యాసంతా ఆడే పోయినాది. వాళ్లు కాల్చింది నేలలో తవ్విన రాతిబొగ్గు."

"అది ఈడ యాడ దొరుకుతాది?" అంది ఆంజినమ్మ.

"ఒకతూరి గూడా కాలనిదైతే సాలు" అంటూ అతను లేచి, బొగ్గులు దులిపేసి, పెరట్లోంచి ఎండిన శెనక్కాయ పొట్టు తెచ్చి చిలుం నిండా దట్టించి, మళ్లీ మట్టి మెత్తి పొయ్యిలో పెట్టాడు. కాసేపటికి కొనలోంచి పసుప్పచ్చటి పొగ వచ్చింది. పుల్ల చూపగానే చిటికెన గోరంత మంట నిలబడింది.

అందరూ ముందుకు వంగారు.

"జరగండప్పా, గాలి తగుల్తాండాది" అంటూ ఆంజినమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.