రెండు గుట్టల నడుమ పెద్దత్త పొదలు

పోయిన ఆదివారం పొద్దున్నే మా పెద్దత్త చనిపోయింది. మా అత్తమ్మకు అక్క. బోథ్ దగ్గర ఊళ్లో మా పక్కింట్లోనే ఒంటరిగా ఉండేది. చాలా ఏళ్లు బడిలో సైన్సు చెప్పింది. "పిట్టలను చూసుకుంటనే బతుకంత ఎల్లదీసింది, పాపం" అని చావింట్లోనే ఎవరో అన్నారు. ఆమె పాపం అనిపించుకునే మనిషి కాదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని. నలుగురిలో నోరు తెరవను. ఆమె దగ్గర మాత్రం ప్రశ్నలు వాటంతటవే వచ్చేవి. పొద్దున సర్వపిండిని చాయ్‌లో ముంచుకొని తింటూ, నాకో ముక్క తుంచి ఇచ్చి, తన మెట్ట చెల్కలోని పొదల పక్కన కూర్చోబెట్టుకునేది. అక్కడి వెదురు, రేగు పొదలు ఈ గుట్ట నుంచి ఆ గుట్ట దాకా సాగి ఉంటాయి.

"చలి దేశం పిట్టలు చలికి ఎగిరిపోతయి, మల్ల వస్తయి. మన ఎచ్చటి దేశాల అడవి పిట్టలు శానావరకు పుట్టిన తావు ఇడువయి పిల్లా. నడుమ పెద్ద ఏరు అడ్డమైతే దాటయి. అటువి అటే, ఇటువి ఇటే. వేల తరాలకు కూత మారుతది, రంగు మారుతది. ఆఖర్కు ఎదురుపడ్డా జత కట్టయి. గప్పుడు రెండు జాతులైనట్టు."

"మరి ఈ పొదలు కొట్టేస్తే మన గుట్టల మీద గూడ కొత్త పిట్టలు పుడుతయా?"

నవ్వింది. "మంచిగడిగినవ్. గింత గుట్ట మీద గుప్పెడు పిట్టలే మిగులుతయి. కొత్తది పుట్టకముందే పాతది సస్తది. విడదీస్తే సాలదు బిడ్డా. మస్తు జాగ గావాలె, మస్తు కాలం గావాలె."

మూడో రోజు, కాకి వచ్చి ముట్టాలని, పిట్టకు పెట్టాం. విస్తరిలో అన్నం, సర్వపిండి, పక్కన చాయ్. ఎండ ఎక్కినా కాకి ముట్టలేదు. పోయినవాళ్ల కోరిక తీరుస్తామని మాటిస్తే ముడుతుందని మా నమ్మకం. చెల్క ఇక పెద్దత్త తమ్ముడిది. "దినాలు ఘనంగ జేస్తం అక్కా" అన్నాడాయన. కాకి రాలేదు. ఆ పొదలు అలాగే ఉండాలన్న ఆమె కోరిక అందరికీ తెలుసు. కానీ పొదలు తీసి పత్తి పెట్టడానికి ఆయన అప్పటికే జేసీబీ మాట్లాడుకున్నాడు.

నలుగురూ చూస్తుండగానే నేను విస్తరి ముందుకెళ్లాను. "పొదలు కొట్టం పెద్దత్తా. మాటిస్తున్నం."

"మాటిచ్చేటందుకు నువ్వెవలవు?" అని ఆయన కసిరాడు. మళ్లీ నవ్వుతూ, "విడదీస్తె కొత్త పిట్టలు పుడుతయని మా అక్కనే గద చెప్పేది! నేను గా పనే జేస్తున్న" అన్నాడు. అందరూ నవ్వారు.

"మీరు సగమే ఇన్నరు మామా. మిగిలిన సగం నేనిన్న. విడదీసుడు ఒక్క పూట పని. గవి బతికి మారాల్నంటె వేల తరాలు. గన్ని తరాలు మీ పత్తి ఉంటదా?"

మా అత్తమ్మ వచ్చి నా పక్కన నిలబడి, "మాటిచ్చినం అక్కా" అంది.

కాకి రానే లేదు. పొదల్లోంచి గోధుమరంగు పిట్టలు గుంపుగా దిగి సర్వపిండిని పొడిచాయి. "గవి లెక్కకు రావు" అన్నాడు ఒక పెద్దమనిషి.

"మా అక్కకు గివే లెక్క" అంది అత్తమ్మ.

మామ జేసీబీవాళ్లకు ఫోన్ చేసి ఇప్పుడైతే రావద్దన్నాడు. ఆ 'ఇప్పుడైతే' నాకూ వినబడింది. అందుకే రోజూ పొద్దున చాయ్ పట్టుకొని అక్కడే కూర్చుంటున్నాను. ఈ గుట్ట మీద ఒక పిట్ట కూస్తుంది. కాసేపటికి ఆ గుట్ట మీంచి జవాబు వస్తుంది. రెండింటిదీ ఇంకా ఒకటే కూత.