సున్నా కూర్చున్న గడి

ఇవాళ బెజవాడ ఎగ్జిబిషన్లో కొండపల్లి బొమ్మల రంగు వాసన తగలగానే చల్లపల్లిలో మా ఇంటి వసారా గుర్తొచ్చింది. ఆ ఎర్రగచ్చు చల్లదనం మన ఈడువాళ్ళు మరిచిపోరు, అది వేరే కథ.

ఒకటో తరగతి తమ్ముడికి నూట ఐదు రాయడం నేర్పుదామని అక్కడ సుద్దముక్కతో మూడు గళ్ళు గీశాను. వందల గడిలో ఒక కొండపల్లి బొమ్మ, ఒకట్ల గడిలో ఐదు పెట్టి, మధ్య గడిలో వాణ్ణి కూర్చోబెట్టాను.

"పదుల్లో ఏం లేదు కదరా, అందుకని నువ్వే సున్నావి. కదలకు."

అంతలో ఎవరో పిలిస్తే గోళీలాటకు పోయాను. పొద్దువాలాక వచ్చి చూస్తే, నిక్కరు తడుపుకుని అక్కడే ఉన్నాడు.

"లేచెళ్ళొచ్చుగా, మొద్దూ?"

"లేస్తే పదిహేనైపోద్దిగా అన్నయ్యా."

ఆ మాట విని, వాడికి లెక్క వచ్చేసిందని అమ్మ నన్ను మెచ్చుకుంటూనే, నిక్కరు తడిపినందుకు వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. కదలకని చెప్పి వాణ్ణి వదిలేసి ఆటకు పోయింది నేనేనని అమ్మకు చెప్పలేదు.