పెట్టెలో దేవుణ్ణి చూడబోయి

మద్రాసు సెంట్రల్లో పొద్దున ఆరింటికి పాసింజరు ఎక్కాను. మూడో తరగతి, కిటికీ పక్క సీటు, సంచిలో కెమెరా. నేను పనిచేసే మ్యూజియంలో మూడేళ్లుగా నా పని ఒక్కటే: పూర్వం రోమను సిపాయిలు చీకటి గదుల్లో కొలిచిన మిత్రాస్ అనే దేవుడు. ఎద్దును పొడిచి చంపే దేవుడు. ఆయన్ను కొలిచేవాళ్లు కలిసి భోంచేసేవారు, లోపల చూసింది బయట చెప్పేవారు కాదు. రోమను నాణేలు నెల్లూరు తీరానికి వచ్చాయి కదా, దేవుడు మాత్రం రాలేదా అని నా పట్టుదల. "రుజువు తెస్తే అచ్చు వేద్దాం, లేకపోతే వదిలెయ్" అన్నారు మా క్యూరేటరు.

బోగోలు మిషన్ స్కూలు టీచరు దేవదానంగారు మ్యూజియం చూడ్డానికి వచ్చి, నా బల్లమీది మిత్రాస్ ఫొటో చూసి, "ఇట్టాంటి ఎద్దు బొమ్మ మా పక్క జాలర్ల పాలెంలో, దేవుడి పెట్టెలో ఉండాదని జనం అనుకుంటారండీ" అన్నారు. అప్పటినుంచి నాకు కాలు నిలవలేదు.

సూళ్లూరుపేటలో ఇడ్లీ తిన్నాను. చట్నీ బ్రహ్మాండం. ఎదుటి సీట్లోని చిల్లకూరు రైతు నా చేతిలోని మిత్రాస్ ఫొటో తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఎద్దును పొడిచేవోడు దేవుడేంది సామీ? మా ఊళ్లో అయితే కట్టేసి తంతారు" అని గూడూరులో దిగిపోయాడు.

మధ్యాహ్నం బిట్రగుంటలో దేవదానంగారు జట్కాతో కాచుకుని ఉన్నారు. ఇసుక దారి వచ్చాక దిగి నడిచాం. ఆరోజు పాలెంలో కొత్త పడవ మొదటి వేట తెచ్చింది. ఆ చేపలు వండి దేవుడికి పెట్టి, అందరూ ఒకే బంతిలో తింటారు. తిన్నవాళ్లకే పెట్టె తెరుస్తారు. దేవదానంగారు క్రైస్తవులు, దేవుడికి పెట్టింది తినరు కనుక ఆయన ఎన్నడూ చూడలేదు. నాకు ఆ ఇబ్బంది లేదు. పులుసు రెండోసారి వేయించుకుని మరీ తిన్నాను.

పాలెం పెద్ద పోలయ్య నన్ను గుడిసెలోకి పిలిచి పెట్టె తెరిచాడు. చూశాను. కెమెరా తీయబోయాను.

"అది లోపల పెట్టేయండి సార్. మా బంతిలో తిన్నారు, మా మనిషి అయినారు. చూసింది బయట చెప్పబాకండి" అన్నాడు నవ్వుతూ.

మూడేళ్లు పుస్తకాల్లో చదివిన నియమాన్ని నా ఆకులోనే వడ్డిస్తే గుర్తుపట్టలేకపోయాను! ఒళ్లు మండింది. తర్వాత నాకే నవ్వొచ్చింది.

"ముందే చెప్పకూడదా పెద్దాయనా?"

"మా వోళ్లకు ఎవురికీ ఇది ముందుగా చెప్పాల్సిన పని పడలేదు సార్."

బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద దేవదానంగారు ఆగలేక అడిగారు: "ఎద్దేనా అండీ?"

"పులుసు బాగుందండీ" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇసుక మొదలయ్యేచోట చెప్పులు చేతపట్టుకోండి, ఆకలితో వెళ్లండి, కెమెరా ఇంట్లో వదిలేయండి. రుజువు దొరకలేదనే క్యూరేటరుగారికి చెబుతాను. నా వ్యాసం పోయినట్టే, బాధగానే ఉంది. కానీ ఆ రోమను సిపాయిలు అంతమంది ఉండి ఒక్కరూ నోరు విప్పలేదెందుకో మ్యూజియంలో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. తిరుగు బండిలో, చేతికి ఇంకా పులుసు వాసన వస్తుండగా అర్థమైంది. వాళ్లు భయపడి కాదు, కలిసి తిన్నారు కాబట్టి.