ఒకటో నంబరు పాట ఏమైంది

మా మనవరాలు వాటిని పాత పాటలంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. పాత పాటలంటే మా అత్తగారు పాడుకున్నవి. నేను కాపురానికొచ్చిన కొత్తలో, తొంభైల మొదట్లో, తెనాలి బజారంతా మోగినవి పాతవెట్లా అవుతాయి?

అప్పట్లో ఏ పాట ముందుందో, ఏది వెనకబడిందో చెప్పడానికి మా ఇంట్లో మా ఆయన ఉండేవారు. రోజూ రేపల్లె బస్సులో పనికి వెళ్ళొచ్చేవారు. డ్రైవరు ఏ పాట మళ్ళీ మళ్ళీ వేశాడో, కొల్లిపర పెళ్ళిలో మైకు సెట్టాయన ఏది ఆపితే పెళ్ళివారు పోట్లాడారో, స్టేషన్ దగ్గర టీకొట్టులో ఏ పాటకి టీ కాచే ఆయన గరిటెతో తాళం వేశాడో, అన్నీ గుర్తుపెట్టుకుని వచ్చి కాలెండరు కాగితం వెనక ఒకటి నుంచి పదిదాకా రాసేవారు. వారం వారం ఆ వరస మారేది. దాని మీద ఇంట్లో గొడవలయ్యేవి.

"నాలుగో నంబరుని ఏడుకి దించేశావేంటి అన్నయ్యా?" అని మా ఆడపడుచు ఒక పూట అన్నం మానేసింది కూడా.

"బస్సులో వెయ్యట్లేదమ్మాయ్, నేనేం చెయ్యను?"

ఒకసారి వరసగా నెల్లాళ్ళు పది పాటలూ కదలకుండా ఉండిపోయాయి. ఇక ఇదే ఖాయమని మా ఆయన ఖాళీ క్యాసెట్టు కొని, ఆ కాగితం పట్టుకెళ్ళి రికార్డింగ్ షాపులో ఇచ్చి, ఈ వైపు అయిదు, ఆ వైపు అయిదు ఎక్కించుకొచ్చారు. ఇంటికి రాగానే చాకు మొనతో క్యాసెట్టు వీపున ఉండే రెండు చిన్న పలకల్ని పుటుక్కున విరిచేశారు.

"ఇవి విరిచేస్తే దీని మీద ఇంకెవ్వరూ ఏమీ ఎక్కించలేరు. ఇక శాశ్వతం" అన్నారు.

నేను వంకాయలు వేయించుకుంటూ ఆ మాట సరిగ్గా వినలేదు.

ఒకటో నంబరు పాట ఆడా మగా కలిసి పాడేది. అంట్లు తోముకుంటూ నేను అందులో ఆడమనిషి పాడే చరణాలు పాడితే పక్కింటావిడ గోడ మీద నుంచి తలపెట్టి, "రేడియో అనుకున్నానమ్మాయ్" అనేది. ఆ మాట నన్ను పాడుచేసింది. ఒక మధ్యాహ్నం అత్తగారు పేరంటానికి, ఆడపడుచు కుట్టు క్లాసుకి వెళ్ళారు. నాకొక ఆలోచన వచ్చింది. ఆ క్యాసెట్టు పెట్టి, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి నా వంతు నేను పాడితే, ఆ మగాయన గొంతు అట్లాగే ఉంటుందని, పాడినావిడ కాస్త పక్కకి జరిగి నాకు చోటిస్తుందని, పప్పులో ఉప్పు కలిసినట్టు నా గొంతు కలిసిపోతుందని అనుకున్నాను. పాట బయటికి వినపడకపోతే, నేను పాడేది వింటోంది కాబట్టి టేప్‌రికార్డరు మాట్లాడకుండా ఉందనుకున్నాను. పాట నాకు ఊపిరితో సహా వచ్చు. ఆయన వంతు వచ్చినప్పుడల్లా నోరు మూసుకుని, లోపల లెక్కపెట్టుకుని, సరిగ్గా నా వంతుకి అందుకున్నాను.

వెనక్కి తిప్పి విన్నాను కదా, ఆయన లేడు, ఆవిడా లేదు, డోలూ లేదు, వేణువూ లేదు. నేనొక్కదాన్నే పాడుతున్నాను. మధ్యమధ్యలో గోడ గడియారం. ఒకచోట కాకి.

క్యాసెట్టు తీసుకెళ్ళి ట్రంకుపెట్టె అడుగున, జాకెట్ల మూటలో కూరేశాను.

సాయంత్రం మా ఆయన ఇల్లంతా వెతికి, చివరికి చెల్లెలి మీద పడ్డారు. కుట్టు క్లాసు స్నేహితులకి క్యాసెట్లు ఇచ్చే అలవాటు ఆవిడకుంది. "నువ్వే ఎవరికో ఇచ్చేసి ఉంటావు" అన్నారు. ఆవిడ ఏడుస్తుంది, ఒట్టేస్తుంది, అప్పుడు నేను ఒప్పేసుకుందాం అనుకున్నాను. ఆవిడేమో తలొంచుకుని, "ఏమో అన్నయ్యా, ఇచ్చానేమో" అంది. నేను వెళ్ళి అన్నాలు వడ్డించాను. ఆ ఆదివారం ఆవిణ్ణి సూర్యలంక సముద్రానికి తీసుకెళ్తానన్న మాట మా ఆయన వెనక్కి తీసుకుని, నన్నొక్కదాన్నే తీసుకెళ్ళారు. అక్కడ కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనిచ్చారు. ఆవిడ మొహమే గుర్తొచ్చింది. అయినా తినేశాను లెండి.

తర్వాత ఆవిణ్ణి ఆ సూర్యలంక పక్కనున్న బాపట్లకే ఇచ్చాం. సముద్రం దగ్గరే ఉన్నా నా లోపలి ముల్లు పోలేదు. ఏటా ఆవకాయ పెట్టగానే మొదటి జాడీ బాపట్లకే పంపేదాన్ని. ఆవిడ ఊరుకోకుండా జీడిపప్పు పంపేది. వదినా ఆడపడుచులంటే మీరేనమ్మా అని చుట్టాలు మెచ్చుకుంటే నాకు చెమటలు పట్టేవి. ముప్పై ఏళ్ళు పైగా ఇదే వరస. ఈ మధ్య మనవరాలు ఆ నాలుగో నంబరు పాట ఫోనులో పెడుతుంది. అది అయిపోగానే నా చెవి అయిదోదాని కోసం సర్దుకు కూర్చుంటుంది. ఫోనేమో ఇంకేదో వేస్తుంది. మన సీట్లో ఎవరో వచ్చి కూర్చున్నట్టుంటుంది.

మొన్న వేసవిలో ఆ పిల్లే, స్కూల్లో ఏదో వేషానికి నా బుట్టచేతుల జాకెట్లు కావాలని పెట్టె తెరిచింది. క్యాసెట్టు బయటపడింది.

"ఇది మన పెట్టెలోకి ఎట్లా వచ్చిందే?" అన్నారు మా ఆయన.

"ఏమోనండీ."

ఆయన వెంటనే బాపట్లకి ఫోను. "అమ్మాయ్! నిన్ను అన్యాయంగా తిట్టాను. క్యాసెట్టు ఇంట్లోనే ఉంది!"

అవతల సంతోషమేమీ వినపడలేదు. "ఇప్పుడెందుకన్నయ్యా అది? బూజు పట్టుంటుంది. పారెయ్" అంది. ఎంత మంచి మనసు అనుకుని నేను ఇంకా కుంగిపోయాను.

మర్నాడు పొద్దున బండికే దిగింది, చేతిలో జీడిపప్పు సంచితో. గుమ్మంలో మొదటి మాట, "విన్నారా?"

"నువ్వు లేకుండానా!" అన్నారు మా ఆయన. రిపేరు షాపు నుంచి టేప్‌రికార్డరు కూడా తెచ్చి పెట్టారు.

పట్టుబడే ముందే చెప్పేద్దామని ఆవిణ్ణి వంటింట్లోకి లాగాను. "అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి."

"నేనూ నీకొకటి చెప్పాలి వదినా."

ఈలోపు హాల్లో మీట నొక్కిన చప్పుడు. నా పాతికేళ్ళ గొంతు ఇల్లంతా నిండింది. తర్వాత గడియారం.

"నానమ్మా, నువ్వేనా? మధ్యలో ఆగిపోతావేంటి?" అని అరిచింది మనవరాలు.

"అది ఆయన వంతు."

"ఎవరి వంతు?"

"పాడే ఆయనది."

ఆ పిల్ల నేల మీద పడి నవ్వుతోంది. నేను మాత్రం కళ్ళనీళ్ళతో అంతా చెప్పేశాను. దాచింది నేనే, తిట్లు తిన్నది నువ్వు, సముద్రం చూసింది నేను అన్నాను.

మనవరాలు ఫోనులో ఏదో చదివి తలెత్తింది. "తాతయ్యా, ఈ పలకలు విరిచేస్తే రికార్డవ్వదట కదా! మరి నానమ్మది ఎట్లా ఎక్కింది?"

"నేనే విరిచాను, నాకు బాగా గుర్తు" అంటూ మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. క్యాసెట్టు తీసి చూస్తే, విరిగిన రెండు కంతల మీదా రెండు స్టిక్కర్లు అంటించి ఉన్నాయి. గుండ్రటి మెరూన్ రంగు బొట్టుబిళ్ళలు.

నేను పెళ్ళయిన నాటి నుంచీ నిలువు తిలకమే పెడతాను. అందరం మా ఆడపడుచు నుదుటి వైపు చూశాం. అదే రంగు, అదే సైజు.

"రెండో వైపు చివరికి తిప్పండి" అంది, గోడతో చెబుతున్నట్టు.

తిప్పాం. పదో నంబరు పాట ఉండాల్సిన చోట ఆవిడ గొంతు, రేడియో అమ్మాయిలాగా సాగదీస్తూ: "శ్రోతలూ! తదుపరి పాట కోరినవారు తెనాలి నుంచి అన్నయ్య, వదిన, అమ్మ, పక్కింటి పిన్నిగారు..." వెనక కుట్టు క్లాసు పిల్లల కిచకిచలు. కోరిన పాట మాత్రం రాలేదు.

"ముందు రోజే, కంత మూస్తే మళ్ళీ ఎక్కుతుందని కుట్టు క్లాసులో చెప్పారు. ఏ కంత ఏ వైపుదో తెలీక రెండూ మూసేశాను వదినా. పోయిందనగానే, పోతే పోయింది, ఇది బయటపడదులే అనుకున్నా. అందుకే నోరెత్తలేదు."

"మరి జీడిపప్పు?"

"అన్నయ్య పాట పాడుచేశానని. మరి ఆవకాయ?"

ఇద్దరం ఒకరి భుజం ఒకరం పట్టుకుని నవ్వాం. "ఒకటోది నువ్వు మింగావు, పదోది అది మింగింది" అని మా ఆయన గొణిగారు. మిగతా ఎనిమిదీ వరసగా విన్నాకే అన్నానికి లేచారు.

ఆదివారం అందరం సూర్యలంక వెళ్ళాం. మొదటి మొక్కజొన్న పొత్తు ఆవిడ చేతిలో పెట్టాను. నాలుగు గింజలు నమిలి, గొంతు బొంగురు చేసుకుని, ఒకటో నంబరు పాటలో మగాయన వంతు ఎత్తుకుంది. తన వంతు అవగానే ఆగి నా వైపు చూసింది. తీరా నా వంతు వచ్చేసరికి నా నోటినిండా గింజలు.