ఒక్కపొద్దు రోజు పరీక్ష

మా అక్క పూలమాలలు కట్టేది. ఆ రోజుల్లో తిరుపతిలో మాలలు కట్టే ఇల్లు లేని వీధి ఉండేది కాదు. అయినా అక్క చేతిపని వేరు. వాకిట్లో చాప వేసుకుని, అరటినార తడిపి పక్కన పెట్టుకుని, మల్లె, మరువం, కనకాంబరం కుప్పలు పోసుకుని కూర్చుందంటే నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. బావ ఆ మాలలను గుడివీధిలో తన పూలంగట్లో పెట్టి అమ్మేవాడు. "మీ అక్క కట్టిన మాల పొద్దుగూకినా జారదప్పా" అని పక్కంగడి వాళ్లు నాతో అంటే, అది నేనే కట్టినట్టు తల ఎగరేసేవాణ్ణి.

నేను మునిసిపాలిటీ ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవాణ్ణి. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, ఒక స్పిరిటు దీపం, కొన్ని గాజు గొట్టాలు, ఒక సీసాలో నీలం మందు. ఆ మందులో కొన్ని చుక్కల మూత్రం వేసి కాచాలి. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చగా మారితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగుకు తిరిగిందంటే బాగా ముదిరినట్టు. రక్తపరీక్ష కావాలంటే పెద్దాసుపత్రికి పోవాల్సిందే. నా చదువుకు ఆ గొట్టాలే పెద్ద విద్య. తెల్లకోటు వేసుకుని గొట్టం వెలుతురులోకి ఎత్తి చూస్తున్నప్పుడు నాకు నేనే డాక్టరులా కనిపించేవాణ్ణి.

ఎనభైల మొదట్లో మా మునిసిపాలిటీ ఒక మంచి పని తలపెట్టింది. అప్పటిదాకా మా శాఖకు తెలిసిందల్లా కలరా సూదులు, దోమల మందు, కాలవల్లో సున్నం. చక్కెర జబ్బు, రక్తపోటు డబ్బున్నవాళ్ల సంగతని మేమూ అనుకునేవాళ్లం, జనమూ అనుకునేవాళ్లు. కొత్తగా వచ్చిన హెల్తాఫీసరు వేరే జిల్లా ఆయన. ఆయనకు ఆ మాట నచ్చలేదు. "పుండు కుళ్లినాక, కన్ను పోయినాక వస్తే మనమేం చేస్తామయ్యా? ముందే పట్టుకోవాలి" అని పట్టుబట్టి, వారానికొకసారి వార్డుల్లో ఉచిత పరీక్షలు పెట్టించాడు. పరీక్షతో పాటు నాలుగు మంచి మాటలు చెప్పాలి. పాలిషు బియ్యం తగ్గించండి, రాగిసంగటి తినండి, ఊరగాయ తగ్గించండి, పొద్దున్నే కపిలతీర్థం దాకా నడవండి, ఇలాంటివి.

ఏ రోజు పెడితే జనం బాగా వస్తారని ఆఫీసరు నన్ను అడిగాడు. నేను ఈ ఊరివాణ్ణి కదా. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "శనివారం సార్" అన్నాను.

నా లెక్క నాకుంది. శనివారం తెల్లారేసరికి ఊరంతా తలస్నానాలు చేసి గుడికి వస్తుంది. గుడివీధి మొదట్లో బల్ల వేసుకుని కూర్చుంటే ఇంటింటికీ తిరిగి పిలిచే పని ఉండదు. ఆఫీసరు మెచ్చుకున్నాడు. నేను అనుకున్నట్టే జనం విరగబడి వచ్చారు. తడి జుట్టు ముడేసుకున్న ఆడవాళ్లు, నామం పెట్టుకున్న మగవాళ్లు, చేతిలో తులసి, నోట్లో గోవింద. ఒకరి వెనక ఒకరు సీసాలు తెచ్చి ఇచ్చారు. కాచిన గొట్టాలు దాదాపు అన్నీ నీలంగానే నిలిచాయి. వచ్చినవాళ్లు స్వామి దయ అని దండం పెట్టుకున్నారు. మా పైవాళ్లు ఊరు ఆరోగ్యంగా ఉందని సంతోషపడ్డారు. 

అక్కకు అప్పటికే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ మానకుండా సతాయిస్తోంది. ఎదురింటి ఆమె చక్కెర జబ్బేమో చూపించుకోమని భయపెట్టిందట. అక్క బెదిరి కాఫీలో చక్కెర మానేసింది. కొండ మీదికి పోయొచ్చిన చుట్టాలు లడ్డు తెచ్చిస్తే కళ్లకద్దుకుని, చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది పిల్లలకు పెట్టేది. స్వామికి ప్రీతి అని శనివారాలు పట్టే పెరటాసి నెలలో ఒక శనివారం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నీ తెల్లకోటు బాగుండాదిరా. ఇస్త్రీ ఎవురు సేసినారు?" అంది ముందు. తర్వాత గొంతు తగ్గించి, "నిజం సెప్పల్ల నువ్వు. దాచి పెట్టొద్దు" అంది.

గొట్టం కాచాను. నీలం. పక్క గొట్టాల కంటే ఇంకా శుభ్రమైన నీలంగా కనిపించింది నా కళ్లకు. ఎత్తి చూపించి, "నీకేం లేదు పోక్కా. ఆయమ్మ మాటలు పట్టుకుని నోరు కట్టేసుకోవద్దు. బాగా తిను" అన్నాను.

"నువ్వు సెప్తే సరేరా" అంది. ఆమె ముఖం ఎంత తేలికపడిందో నాకిప్పటికీ కళ్ల ముందుంది.

పరీక్ష చేయాల్సింది అన్నం తిన్న రెండు గంటల తర్వాత. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఒంట్లో జబ్బున్నా మూత్రంలో చక్కెర కనిపించకపోవచ్చు. ఇది నాకు తెలియని సంగతి కాదు, శిక్షణలో చెప్పారు, పరీక్షలో రాశాను. మా ఊళ్లో శనివారం ఒక్కపొద్దు. పొద్దున ఏమీ తినరు. గుడికి పోయొచ్చి, పూజ చేసుకుని, ఆ తర్వాతే ఒక పూట అన్నం. ఇది నాకింకా బాగా తెలుసు. ఆ నామాలూ, ఆ తడి జుట్లూ నాకు ఎదురుగా నిలబడి చెబుతూనే ఉన్నాయి. అన్నిటికంటే నన్ను కాల్చేది ఇంకొకటి ఉంది. ఆ శనివారాలన్నీ నేనూ ఒక్కపొద్దే. అక్క గొట్టాన్ని వెలుతురులో పట్టుకున్నప్పుడు నా కడుపు ఆకలికి గుర్రుమంటూ ఉంది. ఆ ఆకలినీ ఆ నీలాన్నీ పక్కపక్కన పెట్టి చూడడానికి నా బుర్రకు తీరిక లేదు, జనాన్ని చూసి మురిసిపోతూ ఉన్నాను.

అక్క మళ్లీ కాఫీలో చక్కెర వేసుకుంది. లడ్డు వస్తే సగం విరుచుకుని తింది. ఎదురింటి ఆమె ఆ మాట మళ్లీ ఎత్తితే, "మా తమ్ముడే పరీచ్చ సేసినాడు" అని నోరు మూయించింది. కాళ్ల తిమ్మిరి కూర్చుని పని చేయడం వల్లేనని నేనే సర్దిచెప్పాను. ఇలా కొన్నేళ్లు గడిచాయి. 

ఒక గురువారం మధ్యాహ్నం భోజనాల తర్వాత అక్క ఆసుపత్రికి వచ్చింది. మెట్ల దగ్గర తడబడింది. "కంటి ముందర నల్లగా దారాలు ఆడతా ఉండాయిరా. నారలోకి పువ్వు పెడితే పక్కకు పోతా ఉండాది" అంది. ఎందుకో భయం వేసి సీసా ఇచ్చాను. గొట్టం దీపం మీద పెట్టి ఇంకా సరిగా కాగనే లేదు, నీలం ఆకుపచ్చైంది, పసుపైంది, కనకాంబరం రంగైంది, అక్కడా ఆగకుండా ఇటుక రంగుకు దిగింది.

దీపం ఆర్పాను. "ఏం తిన్నావక్కా?" అని అడిగాను.

"అన్నమే తినినా. ఈ పొద్దు శనివారమా ఏమి, పస్తుండేదానికి?" అంది నవ్వుతూ.

అప్పుడు తెలిసింది, ఆ శనివారం నేను చూసిన నీలం పస్తు వల్ల వచ్చిందని.  

పెద్దాసుపత్రిలో కంటి డాక్టరు చూసి, కంటి వెనక నరాలు చెడిపోయాయని, మరీ ఆలస్యంగా తెచ్చారని బావను కసిరాడు. బావ తల వంచుకుని తిట్లు తిన్నాడు. అవి నాకు రావలసినవి. ఆ సాయంత్రమే ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. బావ లేచి వాకిట్లోకి పోయాడు. అక్క మాత్రం, "సామి కోసరం పస్తుంటే సామే తప్పు సూపిస్తాడని ఎవురికి తెలుసు? నువ్వేం సేస్తావులే అబ్బోడా, ఊరుకో" అని నా వీపు నిమిరింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ నిమరడం నేను ఓర్చుకోలేకపోయాను.

మరుసటి రోజే ఆఫీసరు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను ఈ ఊరివాణ్ణి కాదయ్యా. నువ్వు ఈ ఊరివాడివనే కదా నిన్ను అడిగింది" అన్నాడు.  పరీక్షలు బుధవారం మధ్యాహ్నానికి మారాయి. భోజనం చేసి రమ్మని వార్డుల్లో తమటం కొట్టించి చాటించాం. వచ్చే జనం సగానికి తగ్గారు గానీ, గొట్టాలు రంగులు మారడం మొదలుపెట్టాయి. అంతకు ముందు నీలం చూపించి పంపినవాళ్ల ఇళ్లకు నేనే పోయి పిలిచాను. కొందరు వచ్చారు. కొందరు "మాకేం లేదని నువ్వే గదప్పా సెప్పినావు" అని తలుపు దగ్గర నుంచే పంపేశారు. కొందరు వేరే ఊళ్లకు పోయారు. వాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యం కూడా చేయలేదు.

ఆ కార్యక్రమం వల్ల మేలు జరగలేదని చెప్పను. ముందే తెలుసుకుని, సంగటికి మారి, పొద్దున్నే నడిచి బాగున్నవాళ్లు ఎందరో నాకు వీధుల్లో ఎదురుపడి దండం పెట్టేవాళ్లు. ఆ దండం నాకు ముల్లులా గుచ్చుకునేది. మా ఇంటి మనిషికి మాత్రం ఆ మేలు అందలేదు, అడ్డుపడింది నేనే. ఆ తర్వాత శనివారం పూట నాకు ఒక్కపొద్దు ఉండబుద్ధి కాలేదు, మానేశాను. 

అక్క చూపు మెల్లమెల్లగా పూర్తిగా పోయింది. మాలలు కట్టడం మాత్రం మానలేదు. ఆ చేతులకు కళ్లతో పని లేదని అందరూ ఆశ్చర్యపోయేవాళ్లు. ఆదివారం పూట నేను పోయి చాప మీద పక్కన కూర్చునేవాణ్ణి.

"మల్లె వాసనొస్తాది, మరువం వాసనొస్తాది. ఈ కనకాంబరానికే వాసన లేదు. ఏవి మంచివో, ఏవి వాడినవో రంగు సూసి నువ్వు సెప్పల్ల" అంది ఒక రోజు.

నేను ఏరి, ఒక గుప్పెడు ఆమె ఒడిలో పోసి, "ఇవి బాగున్నాయక్కా" అన్నాను.

"నువ్వు సెప్తే సరేరా" అని నార అందుకుంది.

నేను గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ఒడిలోని పూలన్నీ మళ్లీ నా చేతుల్లోకి తీసుకుని, లేచి వాకిట్లో ఎండలోకి పోయి ఒక్కొక్కటే చూడసాగాను.